తిత్లీ తరువాత ఉద్దానం: కొబ్బరి తోటను నిలుపుకోవడమా, సరుగుడుకు మారడమా?

ప్రశ్న
రాసినవారు: తీరపు తోట

సభ్యులకు నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగపు గాలులతో పలాస దగ్గర తీరం దాటినప్పుడు, మా తాతగారు వేసిన మూడెకరాల కొబ్బరి తోటలో పదింట ఒక చెట్టు కూడా సరిగా నిలవలేదు. చెట్ల నడుమనున్న పనస, గట్ల వెంట ఉన్న జీడి కూడా కూలిపోయాయి. పరిహారం చెట్ల లెక్కన అందింది. మరుసటి ఏడాది వానాకాలంలో మా నాన్నగారు పంట మార్చే ఆలోచనే లేకుండా మళ్లీ కొబ్బరి మొక్కలు నాటించారు.

ఆ మొక్కలకు ఇప్పుడు ఆరేళ్లు నిండాయి. సుమారు సగం గెలలు వేస్తున్నాయి, కొన్ని ఎదుగుదల లేక గిడసబారి ఉన్నాయి, మరికొన్ని చచ్చిపోయిన చోట ఖాళీలే మిగిలాయి. తుపానును తట్టుకొని నిలిచిన పాత చెట్లకు తెల్లదోమ పట్టి ఆకుల మీద నల్లని మసి పేరుకుంటోంది. నేనూ మా తమ్ముడూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నాము. తోట మొత్తం తీసివేసి సరుగుడు వేస్తే నాలుగేళ్లకు ఒకేసారి సొమ్ము చేతికి వస్తుందనీ, రోజూ చూసుకొనే మనిషి అవసరం ఉండదనీ తమ్ముడి వాదన. నాన్నగారు ఆ మాట వినడానికే ఇష్టపడడం లేదు.

నేను తెలుసుకోదలచినవి రెండు విషయాలు. ఇన్నేళ్ల తరువాత మా తీరపు తోటల ప్రాంతమైన ఉద్దానం నిజంగా కోలుకున్నదని చెప్పవచ్చునా, లేక మాలాంటి కుటుంబాలు జరగని దాని కోసం ఎదురుచూస్తున్నాయా? రెండవది, ఇప్పుడున్న స్థితిలో ఈ తోటను తీసివేయడం వివేకమేనా? ఊరి మీది మమకారాన్ని పక్కన పెట్టి, సాగు తెలిసినవారు సమాధానం ఇవ్వగలరని ఆశిస్తున్నాను.


సమాధానం 1
రాసినవారు: విశ్రాంత ఉద్యానాధికారి

మీ రెండవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మీరు వైఫల్యంగా భావిస్తున్న దానిలో కొంత భాగం వైఫల్యం కాదు. మీ నాన్నగారు నాటించినది మన తూర్పు తీర పొడవు రకం అయితే అది తొలి గెల వేయడానికి ఆరు నుంచి ఏడేళ్లు పడుతుంది. గోదావరి గంగ వంటి సంకర రకాలు నాలుగైదేళ్లకే కాపుకు వస్తాయి, కానీ వాటికి నీరూ ఎరువూ క్రమం తప్పకుండా అందాలి. కనుక పొడవు రకం మొక్కలలో సగం ఆరేళ్లకు గెలలు వేస్తున్నాయంటే తోట సకాలంలోనే నడుస్తున్నట్టు లెక్క. సరిగ్గా ఫలం మొదలయ్యే ఏడాదిలో వాటిని నరికివేయడం, ఆరేళ్ల పెట్టుబడిని పెట్టినచోటే వదిలివేయడం అవుతుంది.

గిడసబారిన మొక్కల సంగతి వేరు. తిత్లీ తరువాత ఉద్దానమంతటా కూలిన మానులను ముక్కలు చేసి తరలించడానికి యంత్రాలూ కూలీలూ చాలక, అవి తోటలలోనే నెలల తరబడి పడి ఉన్నాయి. కుళ్లుతున్న కొబ్బరి మాను, పెంటకుప్ప, రెండూ కొమ్ము పురుగు గుడ్లు పెట్టడానికి అనువైన చోట్లు. అక్కడ పెరిగిన పురుగులు ఎగిరి వచ్చి కొత్తగా నాటిన లేత మొక్కల మొవ్వును, అంటే తలభాగంలో కొత్త ఆకులు పుట్టే చోటును, తొలిచాయి. ఆకు విచ్చుకున్నప్పుడు కత్తెరతో కత్తిరించినట్టు త్రికోణాకారపు కోతలు కనిపిస్తే అది ఆ పురుగు పనేనని నిశ్చయించుకోవచ్చు. అది చేసిన గాయాల గుండా ఎర్ర ముక్కు పురుగు లోపలికి ప్రవేశిస్తే మొక్క బతకడం కష్టం. మీ గిడస మొక్కల మొవ్వు దగ్గర రంధ్రాలు, నమిలిన పీచు ఉన్నాయేమో ముందు చూడండి. కొమ్ము పురుగు ఉంటే ఇనుప కొక్కెంతో లాగి చంపి, మొవ్వు చుట్టూ ఉన్న ఆకు మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వేయించండి. తోటలోనూ చుట్టుపక్కలా ఇంకా ఏ మానైనా కుళ్లుతూ ఉంటే దానిని చీల్చి ఎండబెట్టి తగులబెట్టించాలి, పెంటకుప్పలకు ఈ పురుగును చంపే మెటారైజియం అనే శిలీంధ్రాన్ని పట్టించాలి. ఈ పని మీరొక్కరే చేసి ప్రయోజనం లేదు, పక్క తోటల వారితో కలిసి చేయాలి. పురుగుకు గట్టు అడ్డం కాదు కదా.

నిలిచిన పాత చెట్ల గురించి ఒక మాట. తుపాను తరువాత మూడేళ్ల దాకా అవి సరిగా కాయలేదని మీ నాన్నగారు చెప్పి ఉంటారు. కొబ్బరిలో పూగుత్తి మొవ్వు లోపల రూపుదిద్దుకోవడం మొదలైన నాటి నుంచి అది పొత్తిగా బయటపడి విచ్చుకొనే నాటికి రెండేళ్లు దాటుతుంది, ఆపైన కాయ ముదరడానికి మరో ఏడాది కావాలి. గాలికి మెలితిరిగిన మొవ్వులో అప్పటికి తయారవుతున్న గుత్తులన్నీ దెబ్బతింటాయి కనుక, చూపులకు పచ్చగా నిలిచిన చెట్టు కూడా మూడేళ్ల పాటు ఆ ఒక్క రాత్రి నష్టాన్ని చూపిస్తూనే ఉంటుంది. కూలిన చెట్లను లెక్కించే పరిహారంలో ఈ నష్టానికి చోటు లేదు.

తెల్లదోమకు ఎట్టి పరిస్థితిలోనూ ఘాటైన రసాయన మందులు కొట్టించవద్దు. ఆ మందులు తెల్లదోమ కన్నా ముందు దానిని అదుపు చేసే ఎన్‌కార్సియా అనే సన్నని పరాన్నజీవి కందిరీగలను చంపుతాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఐసేరియా అనే శిలీంధ్రాన్ని తయారుచేసి రైతులకు అందిస్తోంది. దానిని ఉదయం చల్లదనంలో గానీ సాయంత్రం గానీ ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. ఆకుల పైనున్న మసి వదలడానికి పల్చని గంజి కొట్టిస్తే అది ఎండి పెచ్చులుగా రాలిపోతుంది.


సమాధానం 2
రాసినవారు: సరుగుడు సాగుదారు

పై పెద్దవారి సాంకేతిక సలహాను కాదనను. అయితే తమ్ముడి వాదనను ఇక్కడ అందరూ కొట్టిపారేస్తారేమోనని రాస్తున్నాను. మా భూమిలో కూలిన జీడి స్థానంలో మేము సరుగుడు వేశాము. నీరు పెద్దగా అడగలేదు, ఇసుక నేలలో బాగా పెరిగింది, నాలుగేళ్లకు కాగితం మిల్లులకు సరఫరా చేసే వ్యాపారి వచ్చి తోట మొత్తం కొట్టించుకొని పోయాడు. ఊరిలో లేని యజమానికి ఇది అనుకూలమైన సాగు అన్నది నిజం.

తమ్ముడు లెక్కలో వేసుకోని సంగతులు కూడా ఉన్నాయి. మొదటిది, సరుగుడు సొమ్ము నాలుగేళ్లకు ఒకసారి వస్తుంది, ఆ మధ్య కాలంలో ఊరిలో ఉన్న తల్లిదండ్రుల మందులకు, పండుగలకు, పెళ్లి పిలుపులకు తోట నుంచి ఒక్క రూపాయి రాదు. కాపులో ఉన్న కొబ్బరి తోట రెండు నెలలకొకసారైనా కాయ దించి ఇస్తుంది. మా ఇంట్లో ఆ తేడా మొదటి ఏడాదే తెలిసింది. రెండవది, కోతకు వచ్చే వయసులో బలమైన గాలివాన వస్తే సరుగుడు కూడా విరుగుతుంది, విరిగిన కర్రకు వ్యాపారి చెప్పిందే ధర. మూడవది, కొబ్బరిని కుదుళ్లతో సహా పెకలించి నేలను సాఫు చేయించడానికి అయ్యే ఖర్చును చాలామంది ముందుగా ఊహించరు.

నా అభిప్రాయం అడిగితే సముద్రం వైపు గట్టు మీద రెండు మూడు వరుసల సరుగుడు వేయించండి. 1977 దివిసీమ ఉప్పెన తరువాత మన రాష్ట్ర తీరమంతటా అటవీ శాఖ సరుగుడు వనాలను పెంచింది గాలి, ఇసుక తాకిడిని తగ్గించడానికే కదా. ఆ పని కోసం సరుగుడు మంచిది. కాస్తున్న కొబ్బరిని తీసి ఆ స్థానంలో వేయడానికి మాత్రం నేను సలహా ఇవ్వను.


సమాధానం 3
రాసినవారు: కాశీబుగ్గ

ఉద్దానం కోలుకున్నదా అన్న మొదటి ప్రశ్నకు, ఎవరిని అడుగుతున్నారన్న దానిని బట్టి జవాబు మారుతుంది. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమను అడిగితే ఎప్పుడో కోలుకున్నదనే చెబుతుంది. విద్యుత్ స్తంభాలు తిరిగి నిలబడి, రేకులు ఎగిరిన షెడ్లకు మళ్లీ కప్పు పడగానే యంత్రాలు తిరిగాయి, పప్పు ఒలిచే మహిళలు పనిలోకి వచ్చారు. మన తోటలు నేలకొరిగినా మిల్లులు ఆగలేదు, ఎందుకంటే ఆఫ్రికా దేశాల నుంచి ఓడలలో వచ్చే జీడి పిక్కలు వాటికి అందుతూనే ఉన్నాయి. ఆ దిగుమతి ఆనాడు వేలాది కూలి కుటుంబాలను ఆదుకున్న మాట వాస్తవం.

అదే దిగుమతి రైతును మాత్రం ఆదుకోలేదు. తిత్లీ తరువాత నాటిన అంటు మొక్కలు కాపు పట్టి, జీడి రైతు మళ్లీ బస్తా ఎత్తి బజారుకు వచ్చేసరికి, అతని పిక్కకు ధర పలకలేదు. 2023లో 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వాలని ఇక్కడి రైతులు రోడ్డెక్కవలసి వచ్చింది. చెట్టు తిరిగి లేచినంత మాత్రాన ఆదాయం లేవలేదన్న మాట. తుపాను నష్టాన్ని అంచనా వేసిన నివేదికలలో ఈ భాగం ఎక్కడా కనిపించదు, ఎందుకంటే అప్పటికి అది తుపాను వార్త కాదు, ధరల వార్త.

దీనికి తోడు ఉద్దానం మూత్రపిండాల వ్యాధి ఉండనే ఉంది. ఒక మనిషికి డయాలసిస్ జరుగుతున్న ఇంటికి కొబ్బరి ఆదాయం ఆరేళ్లు ఆగిపోతే ఏమవుతుందో మా చుట్టుపక్కల చూశాము. కొందరు పొలం అమ్మారు, కొందరు తోటను వదిలి చెన్నై వైపో హైదరాబాదు వైపో కూలికి వెళ్లారు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. తుపానుతో సంబంధం లేనివిగా కనిపించే ఈ పనులే చాలా కుటుంబాలకు పరిహారం చెక్కు కన్నా ఎక్కువ ఊరట ఇచ్చాయని నా నమ్మకం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. జీడి, పనస తోటల నీడ పోయిన తరువాత ఎలుగుబంట్లు ఊళ్లలోకి రావడం పెరిగిందని మా వైపు వారంతా అంటారు. 2022 జూన్‌లో మీ మండలంలోనే కిడిసింగిలో జరిగిన దాడి మీకు తెలిసే ఉంటుంది. తెల్లవారకముందే తోటకు వెళ్లే అలవాటును అక్కడ చాలామంది మానుకున్నారు.


సమాధానం 4
రాసినవారు: వలస రేవు

పై సమాధానాలన్నీ తోటల గురించే ఉన్నాయి కనుక మత్స్యకారుల గురించి కొద్దిగా చేర్చుతున్నాను. తిత్లీలో పడవలు పగిలాయి, వలలు కొట్టుకుపోయాయి. వాటికి పరిహారం వచ్చినవారు తోట రైతుల కన్నా త్వరగానే తిరిగి వేటకు వెళ్లగలిగారు. పడవకు కాపు పట్టే కాలం ఉండదు. కానీ మాది 193 కిలోమీటర్ల తీరమున్న జిల్లా అయినా, మా యువకులు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లడం తిత్లీకి ముందే ఉన్నది, తరువాత కూడా తగ్గలేదు. తుపాను జరిగిన మరుసటి నెలలోనే, అంటే 2018 నవంబరు చివర, వేరావల్ పడవలలో పనిచేస్తున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్ అధికారుల చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దు మీదుగా ఇంటికి రాలేదు. కూలిన ఇంటిని నిలబెట్టుకోవలసిన మగవాడు అటు చెరలో ఉన్నాడు, ఇటు ఇంటి ఆడవారే పరిహారం జాబితాలో పేరు కోసం కార్యాలయాల చుట్టూ తిరిగారు. కోలుకోవడమంటే తుపానుకు ముందున్న స్థితికి చేరడమే అయితే మేము చేరాము. ఆ ముందున్న స్థితి ఎటువంటిదో కూడా అడగవలసి ఉంటుంది.


సమాధానం 5
రాసినవారు: కోనసీమ రైతు

1996 నవంబరు 6 రాత్రి మా కోనసీమను దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు చాపగా పరుచుకున్నాయి. ఆ తరువాత కోనసీమ ఎలా కోలుకున్నదో ఉద్దానం కూడా అలాగే కోలుకోవాలని చాలామంది ఉపన్యాసాలలో చెబుతుంటారు. ఆ పోలిక సరైనది కాదని కోనసీమ వాడిగా నేనే చెబుతున్నాను. మాకు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువ నీరు వస్తుంది. చెట్లు పడిన మరుసటి ఏడాదే ఆ ఖాళీలో అరటి, కంద వేసి, కొబ్బరి మొక్క ఎదిగే వరకు ఇంటిని నడుపుకోగలిగాము. మీ మెట్ట ఉద్దానంలో రైతు నేలబావి నీటి మీద, వాన మీద ఆధారపడి అదే పని చేయాలంటే సాధ్యం కాదు. మాకున్న నీరు లేకుండా మా ఓర్పును మాత్రం మీ నుంచి ఆశించడం న్యాయం కాదు.

అయితే మా అనుభవంలో మీకు పనికివచ్చేది ఒకటి ఉంది. మేము ముదిరిన చెట్లను ఒక్కసారిగా తీయము. వాటి మధ్య అడుగు మొక్కలు పెట్టి, అవి నిలదొక్కుకున్నాక పాతవాటిని ఒక్కొక్కటిగా తొలగిస్తాము, తోట ఏనాడూ పూర్తిగా ఖాళీ కాదు. మీ ఖాళీలలో కూడా ఇప్పుడే మొక్కలు పెడితే తోటలో మూడు వయసుల చెట్లు ఉంటాయి. తుపాను వచ్చినప్పుడు అన్ని వయసుల చెట్లూ ఒకే విధంగా దెబ్బతినవు, లేత మొక్కలు చాలావరకు బతికి బయటపడతాయి.

కాపలా మనిషి కన్నా మీకు అసలు కష్టం కాయల దింపు దగ్గర వస్తుంది. చెట్టెక్కేవారు మా దగ్గరే తగ్గిపోతున్నారు. ఊరిలో దింపు మేస్త్రీతో ఏడాది మాట ముందుగా కుదుర్చుకోండి. హైదరాబాదులో కూర్చొని ప్రతి దింపుకూ ఫోను చేసి మనిషిని వెదకడం కుదరదు.


ప్రశ్న అడిగినవారి వివరణ
రాసినవారు: తీరపు తోట

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలను నాన్నగారికి చదివి వినిపించాను. మొక్కలు 2019లో బయటి నుంచి లారీలో వచ్చినవేననీ, ఏ రకమో అమ్మినవారు చెప్పలేదనీ, అప్పట్లో దొరికినదే భాగ్యమనుకొని తీసుకున్నామనీ ఆయన అన్నారు. గిడస మొక్కలలో కొన్నింటికి త్రికోణపు కోతలు ఉన్నాయి, కొన్నింటికి ఏ గాయమూ లేదు. తోటలో మోటారు ఉన్న బావి ఒకటి ఉంది, వేసవిలో నీరు తగ్గుతుంది కానీ ఎండిపోదు. తోట తీసే ఆలోచనను తమ్ముడు ప్రస్తుతానికి విరమించుకున్నాడు, సముద్రం వైపు సరుగుడు వరుసలకు నాన్నగారు కూడా ఒప్పుకున్నారు. ఖాళీలలో పెట్టడానికి ఈసారి మంచి మొక్క ఎక్కడ దొరుకుతుందో, మళ్లీ తుపాను వస్తే కొంతైనా రక్షణగా ఉండే బీమా ఏదైనా ఉందో చెప్పగలరా?


సమాధానం 6
రాసినవారు: విశ్రాంత ఉద్యానాధికారి

ఏ గాయమూ లేకుండా ఆరేళ్లకు కూడా కాండం కట్టని మొక్కలు నారు ఎంపిక దగ్గరే చెడినవి. వాటికి ఎరువు పోసి లాభం లేదు, తీసివేయండి. కొత్త మొక్కల కోసం మీరు దూరం వెళ్లనక్కరలేదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండు తుపానులనూ తట్టుకొని మీ తోటలోనే నిలిచిన చెట్లు ఉన్నాయి కదా. వాటిలో వయసు పాతికేళ్లు దాటి, తల గుండ్రంగా నిండుగా ఉండి, ఏటా గెలలు తప్పకుండా వేసే చెట్లను గుర్తించి, పదకొండు పన్నెండు నెలలు ముదిరిన కాయలను తాడుతో కిందికి దింపించండి, నేల మీదికి పడవేయవద్దు. అవి పరపరాగ సంపర్కంతో కాసిన కాయలు కనుక ప్రతి పిల్లకూ తల్లి గుణం వస్తుందని హామీ లేదు. అందుకే కావలసిన దానికి రెట్టింపు కాయలు పాతి, ముందుగా మొలిచినవాటినీ, ఏడాది వయసుకు మొదలు లావుగా ఉండి ఆరు ఆకులకు తక్కువ కానివాటినీ మాత్రమే ఉంచుకోవాలి. మిగిలినవాటి మీద జాలి పడవద్దు. ఇసుక నేల కనుక మీటరు లోతు గుంత తీసి, అడుగున కొబ్బరి డొప్పలను పీచు పైకి ఉండేలా రెండు వరుసలు పరిచి నాటితే తేమ నిలుస్తుంది, మీ బావి నీరు వేసవికి సరిపోతుంది. తొలి రెండు వేసవులు మొక్కలకు ఎండ తగలకుండా నైరుతి వైపు తాటాకు గానీ కొబ్బరి మట్ట గానీ అడ్డుగా కట్టించండి.

బీమా విషయానికి వస్తే, కొబ్బరి అభివృద్ధి మండలి, వ్యవసాయ బీమా సంస్థ కలిసి అమలు చేసే కొబ్బరి చెట్ల బీమా పథకం ఉన్నది. ఆ పథకం ప్రకటించిన లెక్క ప్రకారం నాలుగు నుంచి పదిహేనేళ్ల చెట్టుకు 900 రూపాయలు, పదహారు నుంచి అరవై ఏళ్ల చెట్టుకు 1,750 రూపాయలు బీమా మొత్తం. ప్రీమియంలో సగం మండలి, నాలుగో వంతు రాష్ట్ర ప్రభుత్వం భరిస్తే రైతు కట్టేది మిగిలిన నాలుగో వంతే. అయితే పొడవు రకం చెట్టును పథకంలో చేర్చాలంటే దానికి ఏడేళ్లు నిండాలి, అందుచేత మీ పాత చెట్లను ఇప్పుడే చేర్పించి, 2019 మొక్కలను వయసు నిండగానే చేర్చండి. ప్రస్తుత రేట్లనూ దరఖాస్తు గడువునూ మీ మండల ఉద్యాన అధికారి దగ్గర సరిచూసుకోండి. ఈ పనిని వేసవిలోనే ముగించుకోవడం మేలు. ఫైలిన్ 2013లో, హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12నే తీరం దాటాయి, తిత్లీ అంతకు ఒక్క రోజు ముందు. వానలు మొదలైన తరువాత కార్యాలయాలలో ఈ కాగితాల గురించి పట్టించుకొనే తీరిక ఎవరికీ ఉండదు.